పిలవని ఇల్లు

మా కొండ ఊరు అగూనికి కొత్తగా ఎవరొచ్చినా ఒకటే మాట అంటారు, ఇంత మర్యాద ఎక్కడా చూడలేదని. అనరూ మరి? కొండెక్కి వచ్చినవాడు ఎవడైనా సరే, నీది ఏ ఊరు, నువ్వెవరి కొడుకువి అని అడక్కుండా రొట్టె పెడతాం, ఆలివ్ నూనె పోస్తాం, పడుకోవడానికి చోటిస్తాం. వచ్చినవాడు దేవుడి అతిథి. ఏ ఇంటి వంతయితే ఆ ఇంటికి పంపుతాం. ఇదంతా నిజమే, నేను కాదనను. ఈ మర్యాద చాటున మా మగవాళ్లు ఒక ఆడదాని ఇంటిని ఎలా మింగబోయారో మాత్రం ఆ అతిథులకు ఎవరూ చెప్పరు. నేను చెబుతాను. నాకు కడుపు మండి చాలా కాలమైంది.

ఆమె పేరు మెల్ఖీర్. మా వాకిలికి ఎదురు వాకిలి. మనిషి పొట్టి, గొంతు మాత్రం కొండ అవతలికి వినిపిస్తుంది. ఆమె కాపురానికి వచ్చేనాటికి అత్తగారు మంచం పట్టి ఉంది. మరిది లూనిస్‌కి ఇంకా ముక్కు తుడుచుకోవడం రాదు. వాడి ముక్కు తుడిచింది ఈమే, రొట్టె నూనెలో ముంచి నోట్లో పెట్టింది ఈమే. వాడు పెద్దవాడై పనికోసం ఫ్రాన్స్ వెళ్తుంటే దారిలో తినడానికి ఎండు అంజూరాలు మూటకట్టి ఇచ్చి, ఊరి మలుపు దాకా ఏడుస్తూ వెళ్లింది కూడా ఈమే.

మొగుడు మెజ్యాన్ మంచివాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు, ఆ పని మెల్ఖీర్ చూసుకునేది. ఒక వేసవి చివర మేకలకి మేత కోసం చెట్టెక్కి కొమ్మలు నరుకుతూ జారి పడ్డాడు. ఇంటికి మోసుకొచ్చేసరికే అయిపోయింది. కొడుకులు లేరు. ఒక్క కూతురు, దాన్ని రెండు లోయల అవతల ఇచ్చారు. మా ఆచారంలో ఆడదానికి మట్టి మీద హక్కు లేదు. మొగుడి ఇంట్లో బతికినన్నాళ్లు ఉండొచ్చు, అదీ ఆ ఇల్లు ఇల్లుగా లెక్కలో ఉన్నంతవరకే.

ఈ లెక్క సంగతి చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఊరి మొదట్లో పైకప్పు వేసిన దారి ఉంది, దానికి అటూ ఇటూ రాతి అరుగులు. అక్కడే ఊరి సభ కూర్చుంటుంది, దాన్ని మేం తజ్మాత్ అంటాం. ఆడవాళ్లం అటు అడుగు పెట్టం, గోడ వెనక సందులోంచి పోతాం. ఏటా ఆలివ్ కాయ కోతలు మొదలైనప్పుడు ఒక శుక్రవారం సభలో అతిథుల వంతు తిప్పుతారు. ఊరి చాటింపు మనిషి హెంద్ లేచి ఒక్కో ఇంటినీ మగవాడి పేరుతో పిలుస్తాడు. ఆ ఇంటివాళ్లు "ఉన్నాం" అని పలకాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే ఆ ఇల్లు లెక్కలోంచి పోయినట్టే. దాని నేల దగ్గరి మగ జ్ఞాతికి వెళ్తుంది.

మెజ్యాన్ చనిపోయిన ఏడు హెంద్ మా ఇంటిని పిలిచాడు, మా ఆయన పలికాడు. మా తర్వాత రావలసింది మెజ్యాన్ ఇల్లు. హెంద్ ఊపిరి కూడా తీసుకోకుండా దాన్ని దాటేసి ఆ పక్క ఇల్లు పిలిచేశాడు. ఎందుకయ్యా అంటే, పాపం, విధవ, ఆమెకెందుకు అతిథుల బరువు అన్నారు. ఒంటరి ఆడది, ఇంటికి పరాయి మగవాణ్ణి ఎలా పంపుతాం, పరువు కాదూ అన్నారు. ఎంత జాలి! మరుసటేడూ అదే జాలి, ఆ మరుసటేడూ అదే. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే.

అలాగని ఆమె చేతుల మీద జాలి పడ్డారా? ఊరి నీళ్ల తొట్టి కట్టినప్పుడు రాళ్లు మోసింది మెల్ఖీర్. ఏ పెళ్లికైనా పళ్లేల కొద్దీ కుస్‌కుస్ నూకను అరచేత్తో తిప్పింది మెల్ఖీర్. ఊరందరి కాయ కోతకీ పిలవకుండానే వెళ్లింది. చాకిరీకి చేతులు కావాలి, లెక్కకి మనిషి అక్కర్లేదు. ఏటా వసంతంలో ఇంటి గోడలకి తెల్లమట్టి పూసి, ఎర్రమట్టితో ముగ్గుల్లాంటి గీతలు గీసేది. "ఎవరొస్తారని అక్కా ఇంత సింగారం?" అని ఒకసారి అడిగాను. "ఎవరో ఒకరు రాకపోతారా?" అంది. ఆ మాటకి నాకు అప్పుడు నవ్వొచ్చింది, ఇప్పుడు కోపమొస్తుంది.

ఇంతలో లూనిస్ పెన్షన్ తీసుకుని ఫ్రాన్స్ నుంచి వచ్చేశాడు. అన్న ఇంటిని ఆనుకుని నాలుగు అంతస్తుల సిమెంటు ఇల్లు లేపాడు. మా సందుకి మధ్యాహ్నం ఎండ పడటం ఆరోజుతో ఆఖరు. అన్నీ కట్టుకున్నాడు, వ్యాను పెట్టుకోవడానికి చోటు మాత్రం మిగల్లేదు. ఒక రోజు పలకరించే వంకతో వదిన ఇంటికి వచ్చి, ఆమె పెట్టిన రొట్టె తింటూ పైకప్పు కేసి అలా చూస్తూ కూర్చున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అనే మాట నేను చాలాసార్లు విన్నాను. మనిషి నిజంగా పెదవులు కదుపుతూ వాసాలు లెక్కపెట్టడం చూసింది మాత్రం ఆ రోజే.

కోతల ముందు మా ఆయన ఇదీర్ సభ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ, ఏదో వాన సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

"వచ్చే శుక్రవారం వంతు తిప్పేటప్పుడు మెజ్యాన్ ఇంటి సంగతి తేల్చేస్తారంట. లూనిస్ అడిగాడు."

"ఏం అడిగాడు?"

"ఇన్నేళ్లుగా అతిథికి అన్నం పెట్టని ఇల్లు ఇల్లెలా అవుతుందని. పాత కట్టుబాటు ప్రకారం వంతు లేని ఇల్లు ఇల్లు కాదుగా."

"పెట్టనిచ్చారా మీరు? పెడతానంటే వద్దన్నది మీరేగా?"

"నా మీద అరుస్తావేంటే? నేనా అన్నది?"

"నువ్వు అనలేదు. నోరు మూసుకుని కూర్చున్నావు. అరుగు మీద రాయి కూడా అంతే కూర్చుంటుంది."

ఆ చెంబు అక్కడే వదిలేసి ఎదురింటికి పరిగెత్తాను. మెల్ఖీర్ మేకకి తవుడు కలుపుతోంది. విషయం చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె తవుడు కలపడం ఆపలేదు.

"లూనిస్ అన్నాడా?" అంది.

"అవునక్కా."

"వాడికి రొట్టె పై పెచ్చు గట్టిగా ఉంటే గుచ్చుకునేది. నమిలి పెట్టేదాన్ని." చేతులు దులుపుకుని లేచింది. "ఏమే షబ్హా, నా పొయ్యిలోంచి పొగ రావట్లేదా? నేను వండట్లేదా, తినట్లేదా, బతకట్లేదా? ఒక్క అతిథిని పంపండయ్యా అని ఏటా కబురు పెడుతున్నాను కదా! వాళ్లే పంపరు, వాళ్లే రాలేదంటారు. చేతులు కట్టేసి ఈత రాదంటే ఎలా?"

"బెల్ఖాసెం దగ్గరికి వెళ్దామా?" బెల్ఖాసెం మా ఊరి పెద్ద.

"వెళ్లాను కదా పోయినేడు! చెల్లెమ్మా, నీ మంచికే అన్నాడు. నా మంచి చూసేవాళ్లు ఎక్కువైపోయారు ఈ ఊళ్లో."

ఆ వారమంతా ఆమె మామూలుగానే పనికి వచ్చింది. అయితే మధ్యాహ్నానికి గుడ్డలో మూటకట్టుకొచ్చే రొట్టె రోజూ కంటే పెద్దదిగా ఉండేది. నేను గమనించాను, అడగలేదు.

గురువారం మధ్యాహ్నం కాయ కోత ముగించి ఆడవాళ్లమంతా ఊట దగ్గర చేరాం. కింద రోడ్డు నుంచి వచ్చే కాలిబాట ముందు మా ఊటని తాకి, తర్వాతే ఊరి మొగదలకి ఎక్కుతుంది. ఊట చుట్టూ ఒక వరస రాళ్లు పేర్చి ఉంటాయి. ఆడవాళ్లున్నంతసేపు ఆ రాళ్ల ఇవతలకి మగపురుగు అడుగు పెట్టకూడదు. పెడితే సభకి ఒక డబ్బా నూనె కట్టాలి. తరాల నాటి కట్టుబాటది, మాకు మిగిలిన కాస్త రాజ్యం కూడా అదే.

అప్పుడే వీపున సంచితో ఒక అమ్మాయి ఆయాసపడుతూ కాలిబాట ఎక్కి వచ్చింది. సంతకి తిరిగే వ్యాను కింద రోడ్డు మీద దింపేసిందట. ఓరాన్ పట్నం నుంచి వచ్చింది, పేరు నవాల్. కొండ ఊళ్లు, పాత ఇళ్లు చూడాలని ఒంటరిగా బయల్దేరింది. మాది ఒక భాష, ఆమెది ఒకటి. సంతలోనూ టీవీలోనూ నేర్చుకున్న అరబ్బీతో నెట్టుకొచ్చాం. దాహమంది. నీళ్లిచ్చాం.

మెల్ఖీర్ ఆమెని పైనుంచి కిందకి ఒకసారి చూసింది. ఆడపిల్ల! ఇన్నేళ్లుగా వినిపించిన పరాయి మగవాడి సాకు ఈ అతిథి దగ్గర చెల్లదు. నాకు తట్టేలోపే ఆమె మూట విప్పి రొట్టె తీసింది, సీసాలోంచి నూనె పోసింది, ఒక ముక్క విరిచి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

"తిను తల్లీ. ముందు తిను, తర్వాత మాట్లాడు."

నవాల్ ఆకలి మీద ఉందేమో, మొహమాటపడకుండా తినేసింది. చుట్టూ మేమంతా ఊపిరి బిగబట్టి ఆ పిల్ల గొంతు కదలడం చూశాం. మా దగ్గర అతిథి మొదట ఎవరి చేతి రొట్టె తింటే ఆ ఇంటి అతిథి. ఆ తర్వాత ఎవరూ లాక్కెళ్లడానికి లేదు. లాక్కెళితే ఆ ఇంటి గుమ్మం మీద ఉమ్మేసినట్టే.

"అయ్యిందా?" అని అడిగాను మెల్ఖీర్‌ని నెమ్మదిగా.

"మింగింది," అంది ఆమె.

ఆ వ్యాను డ్రైవరు కింద నుంచే ఊళ్లోకి కేకేసి చెప్పినట్టున్నాడు. లూనిస్ కొత్త కోటు తొడుక్కుని దిగొచ్చాడు, వెనకే హెంద్. ఇద్దరూ రాళ్ల వరస అవతల ఆగిపోయారు.

"అమ్మాయ్, రామ్మా!" అని అరబ్బీలో కేకేశాడు లూనిస్. "మా ఇంటి వంతు ఇవాళ. వేడినీళ్లున్నాయి, మెత్తటి మంచముంది, టీవీ ఉంది."

"లూనిస్, ఆ పిల్ల నా అతిథి. నా రొట్టె తినేసింది," అంది మెల్ఖీర్.

"వదినా, పెద్దదానివి, నీకెందుకు ఈ ఆయాసం? నీ ఇంట్లో ఏముందని? గోధుమ కూడా ఉండదు, బార్లీ."

"ఆ బార్లీ తినే అంత పొడుగు ఎదిగావు."

ఆడవాళ్లు గొల్లుమన్నారు. చాకిరేవు రాయి దగ్గర్నుంచి ఎవరో "ఆ కోటు ఎవరిది లూనిస్, అతిథి వస్తే తొడుక్కునేదా?" అని అరిచారు. ఇంకెవరో "మంచం మెత్తగా ఉంటే నువ్వే పడుకో!" అన్నారు. నవాల్ నా వైపు వంగి ఏం జరుగుతోందని అడిగింది.

"ఏం లేదమ్మా, నిన్ను పంచుకుంటున్నాం," అన్నాను.

"హెంద్! వెళ్లి సంచి తీసుకురా," అన్నాడు లూనిస్.

హెంద్ రాళ్ల కేసి చూశాడు, మా కేసి చూశాడు. "నేనెళ్లను బాబూ. ఒక డబ్బా నూనె నా దగ్గర లేదు," అన్నాడు.

లూనిస్‌కి తిక్కరేగింది. ఇన్నేళ్లు బయట ఉన్నవాడు కదా, కట్టుబాటు కాలికి అడ్డం తగులుతుందని మర్చిపోయాడో, వదిన మీద కోపం కళ్లు కప్పిందో గానీ, "ఇదేం చోద్యం" అంటూ రాళ్లు దాటి నేరుగా ఊట దాకా వచ్చేశాడు. సంచి మీద చెయ్యేశాడు. మేం ఒక్కసారిగా అరిచిన అరుపుకి ఆలివ్ చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. తడిబట్టలు, కడవలు, పిల్లలు, అన్నీ వదిలేసి చుట్టూ నిలబడ్డాం. ఎవ్వరం ముట్టుకోలేదు. ముట్టుకునే అవసరం రాలేదు. తానెక్కడ నిలబడ్డాడో తెలిశాక అతని మొహం చూడాలి.

అరుపులకి బెల్ఖాసెం వచ్చాడు. ఆయన తెలివైనవాడే. న్యాయం ముందే తెలుసు ఆయనకి, పదిమంది చూస్తే తప్ప చెప్పడు. రాళ్ల అవతల నిలబడి గడ్డం నిమురుకున్నాడు.

"అమ్మాయ్, రొట్టె ఎవరిది తిన్నావు?" అని అడిగాడు.

నవాల్ మెల్ఖీర్‌ని చూపించింది.

"అయితే ఆమె అతిథివే. లూనిస్, ఇవతలికి రా. నూనె సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత కాదు, రేపు," అంది మెల్ఖీర్. సంచి తన వీపున వేసుకుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడిచింది.

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో దీపాలన్నీ వెలిగాయి. నవాల్ గోడల మీది గీతల్ని వేలితో తడుముతూ ఒక్కొక్కటీ చూసింది. ఇన్నేళ్ల సింగారాన్ని చూసేవాళ్లు వచ్చారు. మెల్ఖీర్ బార్లీ కుస్‌కుస్ ఆవిరికి పెట్టి, ఎండు చిక్కుళ్లు, కొండ ఆకుకూర వేసి పులుసు కాచింది. మాంసం లేదు. నేను కోడి తెస్తానంటే కసిరింది.

"నీ కోడి పెడితే నీ అతిథి అవుతుంది. కూర్చో అక్కడ."

సరిగ్గా వడ్డించబోతుంటే గుమ్మంలో హెంద్ దగ్గాడు. చేతిలో గుడ్డ కప్పిన పెద్ద పళ్లెం, గొర్రెమాంసం వాసన.

"సభ పంపింది అమ్మా. విధవ ఇబ్బంది పడకూడదని. ఊరి తరఫున..."

నాకు ఒక్క క్షణం మంచిపనే అనిపించింది. మెల్ఖీర్‌కి అనిపించలేదు. ఆ పళ్లెం గుమ్మం దాటితే భోజనం పెట్టింది ఊరు, ఆమె కాదు. రేపు సభలో లూనిస్ లేచి, చూశారా, అన్నం కూడా మనమే పంపాం అంటాడు. కుడిచేత్తో పెట్టి ఎడంచేత్తో ఇల్లు లాక్కునే జాలి అది.

"ఎవరికి పంపారు?" అంది మెల్ఖీర్.

"అతిథికి."

"ఊరి అతిథి ఎక్కడుంటే అక్కడికి తీసుకెళ్లు. ఇక్కడున్నది నా అతిథి."

"తిరిగి తీసుకెళితే బాగోదమ్మా. లూనిస్ బాబే దగ్గరుండి..."

"తెలుసు! వాసన రాగానే తెలిసింది!" ఆమె గొంతు సందంతా మోగింది. "పిలవరు, అతిథినివ్వరు, పేరెత్తరు, ఇవాళ మాంసం పంపారా? నేను ఆకలితో ఉన్న రోజులున్నాయి హెంద్. ఆ రోజుల్లో ఏ పళ్లెం రాలేదు ఈ గుమ్మానికి. తీసుకెళ్లు. అరుగుల మీద కూర్చున్నవాళ్లు ఆకలిగా ఉన్నట్టున్నారు, వాళ్లకి పెట్టు."

హెంద్ తల దించుకుని తిరిగాడు. నాలుగడుగులు వేయనిచ్చి ఆమే మళ్లీ పిలిచింది.

"ఆ పళ్లెం ఇచ్చేసి రా. అన్నం వేళకి గుమ్మం తొక్కినవాణ్ణి తిననీకుండా పంపను."

అతను వచ్చాడు. గడప దగ్గర గొంతుక్కూర్చుని బార్లీ కుస్‌కుస్ తిన్నాడు, మజ్జిగ తాగాడు. లోపల నవాల్ చెయ్యి నాక్కుంటూ, "మీ ఊరి మర్యాద గొప్పది పెద్దమ్మా," అంది. నేను నాలుక కరుచుకున్నాను.

"ఊరిది కాదు తల్లీ, నాది," అంది మెల్ఖీర్.

శుక్రవారం నమాజు అయ్యాక సభ కూర్చుంది. ఆడవాళ్లమంతా గోడ వెనక సందులో చేరాం. నవాల్ కూడా వచ్చింది. గోడ రాళ్ల సందుల్లోంచి అరుగులు కనిపిస్తాయి, అది మగవాళ్లకీ తెలుసు, తెలియనట్టుంటారు.

నూనె డబ్బా ఊసెత్తకుండా లూనిస్ లేచాడు. మంచి మాటకారి. అన్న మీద ప్రేమ గురించి చెప్పాడు, వదినని తన ఇంట్లో కింద గదిలో పెట్టుకుని చూసుకుంటానన్నాడు. "ఒక రాత్రి ఒక పిల్లకి ఇంత పెడితే ఇల్లు నిలబెట్టినట్టా? అదీ సభ పళ్లెం పంపితేనే కదా!" అన్నాడు. తలలు ఊగాయి. వాటిల్లో మా ఆయన తల కూడా కాస్త ఊగబోయి, ఇంటికి రావాలని గుర్తొచ్చిందేమో, ఆగింది.

"ఆ పళ్లెం తిరిగొచ్చింది," అన్నాడు హెంద్.

అందరూ అతని కేసి తిరిగారు. చాటింపు మనిషి సభలో పేర్లు పిలుస్తాడు, అంతే. తన మాట మాట్లాడడం ఎవరూ వినలేదు.

"మూత తియ్యకుండా నేనే తిరిగి తెచ్చాను. మీరే తిన్నారు దాన్ని, ఇక్కడే. ఆ ఇంట్లో అతిథి తిన్నది ఆ ఇంటి బార్లీ. నేనూ తిన్నాను."

బెల్ఖాసెం గడ్డం నిమురుకున్నాడు. పదిమందీ చూస్తున్నారు, ఇంక తప్పదు. "అతిథికి పెట్టిన ఇల్లు ఇల్లే. పిలువు హెంద్. మెజ్యాన్ ఇల్లని పిలువు," అన్నాడు.

గోడ వెనక మేం ఒకరి చేతులు ఒకరం పిసుక్కున్నాం. హెంద్ వరసగా పిలుచుకొచ్చాడు. మా ఇల్లు వచ్చింది, మా ఆయన "ఉన్నాం" అన్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్లుగా దాటేసిన చోట హెంద్ ఈసారి ఆగి, గొంతు సవరించుకుని పిలిచాడు.

"మెజ్యాన్ ఇల్లు!"

మెల్ఖీర్ పలకలేదు.

"అక్కా!" అని మోచేత్తో పొడిచాను. "పలుకు!"

"ఆయన లేడు కదే. ఎలా పలకను?"

"మెజ్యాన్ ఇల్లు!" రెండోసారి.

సందులో గుసగుసలు లేచాయి. నవాల్ నా కొంగు లాగింది. "ఎందుకు పలకట్లేదు?" మూడోసారి పలక్కపోతే ఇల్లు పోతుందని చెప్పాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. అరుగు మీద లూనిస్ కాలు మీద కాలు వేసుకున్నాడు.

నేను ఆమె భుజాలు పట్టుకుని కుదిపేశాను. "మతి పోయిందా నీకు? గెలిచి ఓడతావా? ఒక్క మాట! ఉన్నాం అను, చాలు!"

"మెజ్యాన్ పోయిన ఏడు ఆ పేరు పిలవడానికి మీ మొగుళ్లకి నోరు రాలేదు," అంది మెల్ఖీర్. ఈసారి గుసగుసగా కాదు, గోడ అవతల ప్రతి చెవికీ వినపడేలా. "ఇప్పుడు ఎవర్ని పిలుస్తున్నారు? కుస్‌కుస్ తిప్పింది ఆయనా? పొయ్యి ఊదింది ఆయనా? ఆయన్ని పిలవాలంటే శ్మశానానికి వెళ్లి పిలవండి. ఇక్కడ బతికున్నదాన్ని పిలిస్తే పలుకుతాను. పిలవకపోతే ఇల్లు తీసుకుపొండి!"

మగవాళ్ల సభలో ఆడదాని పేరెత్తడం మా దగ్గర లేదు. భార్యని కూడా "మా ఇల్లు" అంటారు తప్ప పేరుతో పిలవరు. అరుగుల మీద అందరూ నేల చూపులు చూస్తున్నారు. ఇల్లు ఇస్తామంటున్నారు, అన్నం తిన్నారు, రాళ్లు మోయించుకున్నారు, ఒక్క పేరు పలకడానికి మాత్రం నాలుకలు పడిపోయాయి. నాకు ఆ గోడ తోసేయాలన్నంత కోపం వచ్చింది.

"మూడోది పిలవరా!" అన్నాడు లూనిస్.

హెంద్ అతని వైపు చూడలేదు. బెల్ఖాసెం వైపూ చూడలేదు. గోడ వైపు తిరిగి, పెళ్లి చాటింపు వేసేంత గొంతుతో పిలిచాడు.

"మెల్ఖీర్ ఇల్లు!"

"ఉన్నాను!"

నలుగురైదుగురు అరుగుల మీంచి లేచారు. "కట్టుబాటులో లేదిది! ఆడదాని పేరా?" అంటున్నాడు లూనిస్. బెల్ఖాసెం చెయ్యెత్తాడు.

"ఇల్లు పలికింది. ఇల్లు పలికాక ఇంకెవరూ అడ్డు చెప్పకూడదన్నది కూడా కట్టుబాటే. తర్వాతి ఇల్లు పిలువు."

తర్వాతిది లూనిస్ ఇల్లు.

"లూనిస్ ఇల్లు!" అన్నాడు హెంద్.

లూనిస్ పళ్లు కొరుకుతూ నిలబడ్డాడు గానీ నోరు విప్పలేదు.

"లూనిస్ ఇల్లు!"

గోడ వెనక నుంచి మెల్ఖీర్ గొంతు వచ్చింది, చిన్నప్పుడు వాణ్ణి అన్నానికి పిలిచిన గొంతే.

"పలకరా అబ్బాయ్. మూడోసారి దాకా తెచ్చుకోకు."